గంజికుండ మీద బొగ్గు గీత

పోయిన నెల నాగర్‌కర్నూల్ వెళ్లాం. మా అన్న కూతురిని ఆ ఊళ్లో ఇచ్చారు. ఆమె కొడుకుకు పుట్టువెంట్రుకలు తీస్తున్నారు. ఎండ ముదరకముందే వచ్చినవాళ్లందరికీ తైదల, అంటే రాగుల, అంబలి పోశారు. చల్లటి మజ్జిగ కలిపి, పైన సన్నగా తరిగిన ఉల్లిగడ్డ వేశారు. మా వదినకు అంబలి అంటే ప్రాణం. చెంబు ఆమె చేతికి అందేసరికి వియ్యపురాలు పరాచికంగా ఒక మాట అన్నది.

"అంబలి కుండ జర లోపల పెట్టుండ్రి. గద్వాల వియ్యపురాలొచ్చింది. నూలు గంజినే ఇడ్వలే, గిది ఇడుస్తదా."

అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. నవ్వి, చెంబును పక్కనున్న అరుగు మీద పెట్టింది. కాసేపటికి నేను చూస్తే ఆ చెంబు అట్లాగే నిండుగా ఉంది. ఉల్లిగడ్డ ముక్కలు అడుక్కు దిగాయి.

నూలు గంజి తాగిన కోడలు అనే ఆ కథ మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. నా భార్య కాపురానికొచ్చిన వారానికే విన్నది. నా కూతురు దాన్ని వనపర్తిలోని అత్తగారింటికి తీసుకుపోయింది, అన్న కూతురు నాగర్‌కర్నూల్‌కు తీసుకుపోయింది. ఇప్పుడు అందులో కోపం లేదు, నవ్వు మాత్రమే ఉంది. కానీ ఆ కథ అబద్ధం. దాన్ని పుట్టించినవాణ్ని నేనే. ఆ గంజి తాగింది కూడా నేనే. మా వీధిలో ఈ మాట నోటితో చెప్పేశాను, అది ఎట్లా జరిగిందో చివర చెబుతాను. వనపర్తికీ నాగర్‌కర్నూల్‌కూ ఇల్లిల్లూ తిరిగి చెప్పలేను కాబట్టి ఇది రాస్తున్నాను.

గద్వాలలో మా ఇంటి ముందు గదిలో రెండు గుంట మగ్గాలు ఉండేవి. ఒకటి అన్నది, ఒకటి నాది. నాన్న పోయి అప్పటికే చాలా కాలమైంది. ఇల్లు నడిపేది అమ్మ. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న మా నడిగడ్డ అంతా జొన్నరొట్టె తింటుంటే మా ఇంట్లో రోజూ అన్నం వండేవారు. అది గొప్పకు కాదు, గంజి కోసం. చీర నేసే ముందు పడుగును, అంటే నిలువు దారాలను, వీధి పొడుగునా చాపి కుంచెతో గంజి పట్టించాలి. గంజి పట్టని దారం మగ్గం మీద నూగు లేస్తుంది, ఒకదానికొకటి అంటుకుంటుంది, తెగుతుంది. అందుకని మా అమ్మ అన్నం వార్చిన గంజి ప్రతి చుక్కా ఒక పెద్ద మట్టికుండలో పోసి పెట్టేది. మా ఇంట్లో గంజి మనుషులది కాదు, నూలుది. మాకు మిగిలేది బలమంతా వార్చేసిన మెతుకులు, వాటిలోకి చింతపండు చారు, ఊరగాయ. సంతనాడు వంకాయలో బీరకాయలో వస్తే రెండు రోజులు కూర. మిగతా రోజులు చారే.

ఆ తిండితోనే పెరిగాను కాబట్టి అందులో లోపం ఉందని నాకు తెలియదు. పద్దెనిమిదేళ్లకే పళ్లు తోముకుంటే చిగుళ్లలో రక్తం వచ్చేది. సాయంత్రం మగ్గం గుంటలోంచి కాళ్లు బయటికి తీస్తే అవి నావి కానట్టు ఉండేవి. నేతగాడి ఒళ్లు అట్లాగే ఉంటుందనుకునేవాణ్ని.

అప్పుడు వదిన వచ్చింది. వాళ్లది పాన్‌గల్ దగ్గర పల్లె. మా కులంవాళ్లే కానీ మగ్గం తక్కువ, సేద్యం ఎక్కువ. కృష్ణ దాటి పుట్టిలో వచ్చిన ఆమె సామానులో ఒక పాత చీర చెంగు ఉంది, దాని నిండా చిన్న చిన్న ముడులు. అమ్మ నగలనుకుని విప్పింది. ఒక ముడిలో తోటకూర విత్తనాలు, ఒకదానిలో పుంటికూర, అదే గోంగూర, ఒకదానిలో బీర, మరొకదానిలో అనప. అమ్మ వాటిని మళ్లీ కట్టేసి, గిది నేతగాళ్ల ఇల్లు, కాపోళ్ల ఇల్లు గాదు, అన్నదట.

వదిన స్నానాల నీళ్లు పారే చోట దొడ్లో నాలుగు మళ్లు కట్టింది. బీరతీగను మా మగ్గం గది పెంకుల మీదికి ఎక్కించింది. ఆ ఏడు వానలు పడ్డ రెండు నెలలకు నేను మగ్గం మీద కూర్చుని తలెత్తితే కిటికీలోంచి పసుపు పూలు కనిపించేవి.

ఆమె వంట గురించి చెప్పాలంటే కాలాన్ని బట్టి చెప్పాలి, ఎందుకంటే ఆమె కాలాన్ని బట్టే వండేది. తొలకరి పడ్డాక చేల గట్లకు పోయి గంగవాయిలి కూర, చెంచలి కూర ఒడినిండా తెంపుకొచ్చేది. వాటిని పెసరపప్పులో వేసి ఉడికించి, చివర ఎల్లిగడ్డ దంచి తాలింపు పెట్టేది. గంగవాయిలిలో ఒక రకం పులుపు ఉంటుంది, చింతపండు అవసరం ఉండదు. శ్రావణంలో బోడకాకర కాయలు కారం పెట్టి వేయించేది. పుంటికూర లేతగా ఉన్నప్పుడు పచ్చిమిరపకాయలతో నూరేది, ముదిరినప్పుడు శనగపప్పుతో వండేది. చలికాలం వస్తే శనగ చేలల్లో చిగుళ్లు తుంచి తెచ్చేది. వేళ్లు పులుపుతో చిటపటలాడుతున్నాయని పైటకు తుడుచుకుంటూ వచ్చేది. కుసుమాకు కూర, పచ్చి అనపకాయల పులుసు, సజ్జరొట్టె మీద వెన్న. ఎండలు మొదలైతే చింతచిగురు. అది వారం పది రోజుల పండుగ. ఆ తర్వాత మామిడికాయ, పచ్చి ఉల్లిగడ్డ.

"ఇయ్యాల ఏం కూర వదినా" అని అడిగితే, "చేను ఏమిస్తే గది" అనేది. సంతలో కొన్న కూర కంటే ఆ పొద్దున తెంపిన ఆకు మీద ఆమెకు నమ్మకం. పొద్దున తెంపింది మధ్యాహ్నానికి వండేది, సాయంత్రానికి ఉంచేది కాదు. నూనె తక్కువ వేసేది. ఆకుకూరను కుండ మూత తెరవకుండా దాని నీళ్లలోనే ఉడకనిచ్చేది.

అన్నం దగ్గరే అమ్మకు, ఆమెకు మొదటిసారి మాట పడింది. వదిన గంజి వార్చకుండా అన్నం ఇగిరించి పెట్టింది. అమ్మ కుండలోకి చూసి, నూలుకేం పోస్తవే అన్నది. చివరకు ఒక ఒప్పందం కుదిరింది. పడుగు ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి దానికి గంజి పట్టించేదాకా వార్చిన గంజి అంతా నూలుకే, ఎవ్వరూ ముట్టకూడదు. మగ్గం మీద పడుగు ఎక్కాక, మళ్లీ కొత్త పడుగు వచ్చేదాకా, గంజి మనుషులది. ఆ రోజుల్లో వదిన గంజిని కూరల్లో పోసేది, కూర చిక్కబడేది. ఎండాకాలం పొద్దున ఉప్పు, ఉల్లిగడ్డ, ఒక పచ్చిమిరపకాయ నలిపి చెంబులో ఇచ్చేది. పులిసిన గంజి ఎంత రుచిగా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ అంతకుముందు తెలియదు. నాకైతే అది తాగకపోతే పొద్దు మొదలైనట్టు ఉండేది కాదు.

ఏడాది తిరిగేసరికి నా చిగుళ్లు గట్టిపడ్డాయి. కాళ్లు నావయ్యాయి. ఆ సంగతి నేను ఎవరితోనూ అనలేదు. ఎదురింటి ముసలమ్మ మా వదినను ఆకులు మేపే కోడలు అని వెక్కిరించేది. ఆమెతో కలిసి నేనూ నవ్వేవాణ్ని. కంచం నాకి మరీ తింటూ నవ్వేవాణ్ని.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు వచ్చాయి. నూలు దొరకడం మానేసింది. నెలల తరబడి మగ్గాలు ఖాళీగా ఉన్నాయి. ఒక ఎండాకాలం ఎట్లాగో ఆరు చీరలకు సరిపడా సన్న నూలు దొరికింది. అమ్మ దాన్ని చేతుల్లోకి తీసుకుని పసిబిడ్డను చూసినట్టు చూసింది. పడుగు తయారైంది. అన్న అప్పుడు వనపర్తి వైపు వెళ్లి ఉన్నాడు, మిగిలిన చీరలు రెండు అక్కడ చూపించడానికి. గంజి పట్టించే పని మొదటిసారి నా మీద పడింది. నాకప్పుడు ఇరవై ఏళ్లు. మీసం మీద చెయ్యేసుకుని తిరిగాను.

బియ్యం కూడా కరువే. ఉన్నంతలో వార్చిన గంజిని వదిన రెండు రోజులు కుండలో పులియబెట్టింది. అంతకుముందు నెలలన్నీ మగ్గాలు ఖాళీ కాబట్టి రోజూ గంజి తాగే అలవాటు నాకు గట్టిపడిపోయింది. మొదటి రోజు పొద్దున నాకు గంజి లేదు. తెలుసు, ఒప్పందం అదే. మధ్యాహ్నం ఎండకు నోరు ఎండుకుపోయింది. అమ్మ పక్కింట్లో ఉంది, వదిన దొడ్లో ఉంది. కుండ మూత తీశాను. పులుపు వాసన తగిలింది. ఒక చెంబు ముంచుకున్నాను. ఉప్పు వేసుకున్నాను. ఉల్లిగడ్డ కూడా కొరుక్కున్నాను. కుండలో తగ్గిన మేరకు నీళ్లు పోశాను. ఒక చెంబు నీళ్లకు ఏమవుతుంది అనుకున్నాను. సాయంత్రం ఇంకొకటి తాగాను. మర్నాడు పొద్దున మూడోది తాగాను. ప్రతిసారీ నీళ్లు పోశాను. ఉద్దేశం ఏమీ లేదు. దాహం, రుచి, అంతే.

గంజి పట్టించే రోజు తెల్లవారుతుండగా వదిన దాన్ని కాచి, గుడ్డలో వడగట్టి తెచ్చింది. గరిటెతో ఎత్తి పోసి చూసి ఆగింది.

"మర్దీ, గంజి పల్చగున్నది. గింత బియ్యం ఉడకేసి కలుపుదామా?"

అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఆ ఒక్క మాటకు చోటు ఉంది. కానీ బియ్యం ఉడకేస్తే అమ్మకు తెలుస్తుంది, ఎందుకని అడుగుతుంది. వీధిలో పడుగు చాపడానికి వచ్చిన నలుగురు నిలబడి చూస్తున్నారు. మొదటిసారి పెద్దరికం చేస్తున్నవాణ్ని.

"సరిపోతది తే వదినా. నూలు పని నాకు ఇడ్వు" అన్నాను.

పడుగు మగ్గం మీదికి ఎక్కించాక రెండో రోజే దారాలు నూగు లేచాయి. అడ్డదారం మోసే నాడె వేసినప్పుడల్లా ఒకటో రెండో తెగేవి. ముడి వేస్తే ముడి పక్కన తెగేవి. ఆరు చీరల నూలులో చివరకు రెండు చీరలు మాత్రం చీరలనిపించుకున్నాయి. మిగతాదంతా ముక్కలు, ముడులు. అమ్మ ఏడవలేదు. తెగిన దారాలు ఒళ్లో వేసుకుని కూర్చుని, గంజి ఎటుపోయింది అని అడిగింది. నన్ను చూసి అడిగింది.

"వదిన కూరల్ల పోస్తది గద" అన్నాను.

అంతే అన్నాను. పూర్తిగా అబద్ధం కూడా కాదని ఆ రాత్రి నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆమె కూరల్లో గంజి పోస్తుంది, నిజమే. పడుగు ఉన్న రోజుల్లో పోయదని కూడా నాకు తెలుసు.

వదిన గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "నేను ముట్టలే అత్తా" అన్నది. ఒకసారి అన్నది. రెండోసారి అనలేదు. నా వైపు చూడనైనా లేదు. గంజి పల్చగా ఉందని ఆ పొద్దున నాతో అన్న మాట చెప్పి ఉంటే ఆమె బయటపడేది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు కూడా.

"రేపట్నుంచి పొయ్యికాడికి రాకు. కండెలు చుట్టుకో" అన్నది అమ్మ.

ఎదురింటి ముసలమ్మ సాయంత్రానికల్లా వీధికి చెప్పింది. ఆకులు మేపే కోడలు కాస్తా నూలు గంజి తాగిన కోడలు అయింది. వనపర్తి నుంచి అన్న వచ్చాడు, విన్నాడు.  చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. పక్క మగ్గం మీద కూర్చుని నేను అదంతా చూశాను. ఒక్క మాటతో ఆపగలిగినదాన్ని ఆపకుండా చూశాను.

మా ఇంటి కంచాల్లోకి మళ్లీ చారు, ఊరగాయ వచ్చాయి. దొడ్లో మళ్లు నెర్రెలిచ్చాయి. ఎక్కడెక్కడో అరువు తెచ్చిన నూలుకు కండెలు చుట్టేవాళ్లకు నీళ్లు తోడే తీరిక ఎక్కడిది. అయితే వారం తర్వాత ఒక మధ్యాహ్నం అన్నం పక్కన పచ్చగా ఏదో కనిపించింది. లేత మామిడికాయ, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, కొత్తిమీర కచ్చాపచ్చాగా దంచిన తొక్కు. అమ్మ చెయ్యి ఆగింది.

"పొయ్యి ముట్టొద్దంటి గదనే?"

"పొయ్యి ముట్టలే అత్తా. రోలు ముట్టొద్దనలే నువ్వు."

అన్న తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. ఆమె మీద అలిగిన తర్వాత అతని ముఖంలో నవ్వు అదే మొదటిది. అమ్మ ఆ తొక్కు కలుపుకున్నది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో నిప్పు లేని వంట మొదలైంది. ఇప్పుడు తలచుకున్నా నాకు నోట్లో నీళ్లూరుతాయి. రాత్రి నానబెట్టిన పెసర్లు, దోసకాయ ముక్కలు, పైన నిమ్మరసం. నువ్వులు, పచ్చి పుంటికూర, బెల్లం కలిపి నూరిన పచ్చడి. వానలు పడ్డాక గంగవాయిలి ఆకు పచ్చిదే సన్నగా తరిగి పెరుగులో కలిపింది. బుడమకాయలు ఉప్పు కారం అద్ది పెట్టింది. వాక్కాయలు దంచింది. ఇంకొక ఉపాయం కూడా కనిపెట్టింది. అమ్మ అన్నం వార్చి కుండ కింద దించగానే, వదిన సన్నగా తరిగిన ఆకుకూర వేడి అన్నం మీద పరచి మూత పెట్టేది. మేం కాళ్లు కడుక్కుని వచ్చేలోగా ఆవిరికి ఆకు మెత్తబడేది. దానిమీద ఉప్పు, పచ్చి నూనె చుక్క, దంచిన ఎల్లిగడ్డ కారం. పొయ్యి ముట్టలేదు, కూర మాత్రం అయింది.

వానాకాలం సగం గడిచాక అమ్మకు ఏదో అయిందని నేను గమనించాను. దీపాలు పెట్టే వేళకు ఆమె గోడ పట్టుకుని నడిచేది. ఒకనాడు చారు కంచంలో కాకుండా కంచం పక్కన పోసింది. నేలమీద చారు పారుతుంటే, ఏందిరా గట్ల చూస్తరు, తినుండ్రి అన్నది. ఇంకొకనాడు మగ్గం గుంజకు నుదురు కొట్టుకుంది. పొద్దు మునిగితే తనకు కనిపించడం లేదని ఎవరికీ చెప్పుకోలేక, పొద్దు మునగకముందే పడుకోవడం మొదలుపెట్టింది. చీరల అంచులు పరీక్షగా చూసి తప్పులు పట్టే కళ్లవి. ఆ కళ్లు పోతే తనకు ఇంట్లో చోటేమిటని భయపడి ఉంటుంది.

వదిన కండెల బుట్ట పక్కన పెట్టి, పొద్దున్నే ఊరి బయట కాలువ ఒడ్డుకు పోవడం మొదలుపెట్టింది. పొన్నగంటి కూర తెచ్చేది. మునగాకు దూసి తెచ్చేది. రోజూ వేడి అన్నం మీద అదే పరచేది. అమ్మ కంచంలో మాకంటే రెండింతలు వేసేది, పైన నెయ్యి చుక్క వేసేది. అమ్మ విసుక్కునేది. నేనేమన్న మేకనా అనేది. జర తిను అత్తా, నోరు పులుపుదేరింది నీకు అని ఏదో ఒక సాకు చెప్పేది వదిన. కళ్ల మాట మాత్రం ఎత్తేది కాదు. తనకు తెలుసని అమ్మకు తెలియనివ్వలేదు.

దీపావళి దాటాక ఒక సాయంత్రం, దీపం పెట్టిన తర్వాత, అమ్మ నా మగ్గం దగ్గరకొచ్చి నిలబడింది. అంచు మీదికి వంగి చూసి, గీడ పోగు తప్పినవ్ అన్నది. నేను చూస్తే నిజంగానే ఒక పోగు తప్పింది. ఆ తప్పు దొరికినందుకు అంత సంతోషపడిన రోజు నాకు మరొకటి లేదు.

మర్నాడు పొద్దున అమ్మ పొయ్యి ముందునుంచి లేచి, "నాకు పొగ పడ్తలేదు. పొయ్యి నువ్వే చూసుకో పిల్లా" అన్నది. క్షమించానని అనలేదు. ఆ మధ్యాహ్నం పచ్చి అనపకాయల పులుసు, జొన్నరొట్టె. రొట్టె పొంగుతుంటే ఇల్లంతా ఆ వాసన. అన్న నాలుగు తిన్నాడు, ఇంకొకటి వెయ్యి అని వదినను అడిగాడు. నేనూ తిన్నాను. ఇక అంతా సర్దుకుంది కదా, పాత మాట ఎందుకు అనుకున్నాను. ముప్పై ఏళ్లు అట్లాగే అనుకున్నాను.

కానీ సర్దుకోనిది ఒకటి ఉంది. పొయ్యి ఇచ్చింది కానీ అమ్మ గంజికుండ ఇవ్వలేదు. పడుగు వచ్చిన రోజుల్లో కుండలో గంజి ఎంతవరకు ఉందో అంతవరకు బయట బొగ్గుతో ఒక గీత గీసేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మూత తీసి చూసుకునేది. వదిన ముందే చూసుకునేది. తాను పోయేదాకా గీసింది. మంచంలో పడ్డాక కూడా బొగ్గు తెమ్మని అడిగేది.

అమ్మ పోయాక గీత పోతుందనుకున్నాను. పోలేదు. వదినే గీయడం మొదలుపెట్టింది. ఎవరూ అడగకుండానే ప్రతి పడుగుకు కుండ మీద బొగ్గు గీత గీసి, ఎవరైనా చూడవచ్చన్నట్టు గుమ్మం పక్కన పెట్టేది. పిల్లలు పెద్దమ్మ గీత గీసిందని నవ్వేవారు. నేను ఆ కుండ దాటుకుని మగ్గం మీదికి పోయేవాణ్ని.

నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన మర్నాడు ఆమె దొడ్లో కూర్చుని తోటకూర తెంపుతోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. నేనూ ఒక కట్ట తీసుకుని ఆకులు తుంచుతూ చెప్పాను. మూడు చెంబులూ చెప్పాను. నీళ్లు పోసిన సంగతి చెప్పాను. అమ్మతో నేనన్న మాట ఆమె వినే ఉంది, అయినా అదీ చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. నేను చెప్పడం అయిపోయాక అడిగింది.

"ఉప్పేసుకున్నవా?"

"ఏసుకున్న. ఉల్లిగడ్డ గూడ."

ఆమె ముఖం కొంచెం వదులైంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అత్త ఉన్నప్పుడు చెప్పాల్సింది మర్దీ. అత్త గదే మనసుల పెట్టుకోని పోయింది."

 తెంపిన కాడలు ఒకవైపు, ఆకులు ఒకవైపు వేస్తూ ఆమె మళ్లీ అన్నది. "నాకు చెప్తే నువ్వు తేలికైతవు. నాకేమొస్తది? ఆ మాట యాడ పుట్టిందో ఆడ చెప్పు."

ఆ మాట పుట్టింది మా వీధిలో. వారం తర్వాత పడుగు చాపాం. తెల్లవారుతోంది, గాలి లేదు. అన్న ఒక పక్క కుంచె పట్టుకున్నాడు, ఇంకో పక్క నేను. వీధివాళ్లు కర్రల దగ్గర నిలబడ్డారు. ఎదురింటి ముసలమ్మ ఇప్పుడు నిజంగానే ముసలిదైంది, అరుగు మీద కూర్చుని చూస్తోంది. గంజి కుండతో వదిన వచ్చింది. నేను కుంచె ఆపి, ఫలానా ఏడు పడుగు పాడైంది నావల్ల, గంజి తాగినవాణ్ని నేను, వదిన కాదు అని అందరికీ వినబడేటట్టు చెప్పాను. అంతకంటే బాగా చెప్పాలని రాత్రంతా అనుకున్నాను, అంతే వచ్చింది.

ముసలమ్మ చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని, ఏమంటుండు అని పక్కవాళ్లను అడిగింది. వాళ్లు గట్టిగా చెప్పారు. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "నీ నోట్ల మన్నుపొయ్య. ముప్పై ఏండ్ల సంది నాతోని అబద్ధమాడిపిస్తివి గదరా" అన్నది. అప్పుడు అందరూ నవ్వారు. అన్న నవ్వలేదు. పడుగు అవతల వైపు నుంచి వదిన ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత, దారం ఆరిపోతుంది, కుంచె కదిలించు అని నాతో అన్నాడు. ఆ రోజంతా నాతో ఇంకేమీ మాట్లాడలేదు. మధ్యాహ్నం మాత్రం వదిన కంచం తానే కడిగి పెట్టాడు. మా ఇంట్లో మగవాళ్లు ఆ పని చేయడం నేను చూడలేదు. వదిన వద్దనలేదు.

నిన్న మళ్లీ కొత్త నూలు వచ్చింది. ఈ పొద్దున గంజికుండ గుమ్మం పక్కన ఉంది. వంగి చుట్టూ చూశాను. కుండ కడిగి ఉంది. పాత గీతల మసి కూడా లేదు. వదిన చింతచిగురు చేటలో పోసి ఈనెలు ఏరుతోంది. నేను చూడడం ఆమె చూసింది.

"గీత గియ్యలే" అన్నది. "తాగేటోడు ఇప్పుడు చెప్పి తాగుతడు గద."

నేను మగ్గం గుంటలోకి దిగాను. మధ్యాహ్నానికి చింతచిగురు పప్పు అని వాసన చెబుతోంది.